పల్నాటి నేల – పింగాణీ పలక

పల్నాటి సీమను గురించి శ్రీనాథ మహాకవి పేర ప్రచారంలో ఉన్న చాటుపద్యాలలో ఒకటి ఆ సీమ ఆనవాళ్ళను వరుసగా లెక్కపెడుతుంది. అందులో నాగులేటి నీటితోపాటు నాపరాళ్ళకు కూడా చోటు దక్కింది. రాజాస్థానాల భోగాలకు అలవాటుపడిన కవి వాటిని మెచ్చుకోలుగా పేర్కొనలేదన్నది స్పష్టం. అయితే ఆయన ఈసడించిన ఆ రాయే తరతరాలుగా పల్నాటి వారి పాదాల కింద నేల అయింది. ధాన్యం నూర్చిన కళ్ళం అయింది, పశువుల కొట్టం అయింది, పెళ్ళి పీటలు వాల్చిన పందిరి అడుగు అయింది. నేడు నరసరావుపేటలోగాని మాచర్లలోగాని కొత్తగా ఇల్లు కట్టుకొనేవారు నాపరాయిని తలచుకోవడం తగ్గిపోయింది. పత్తి, మిరప అమ్మగా వచ్చిన సొమ్ములో గణనీయమైన భాగం ఇప్పుడు మెరిసే పింగాణీ పలకల మీద ఖర్చవుతున్నది. వాడుకలో వీటిని విట్రిఫైడ్ టైల్స్ అంటారు. ఒకసారి పరచిన తరువాత మార్చడం దుర్భరమైన వస్తువు ఇది. గోడ రంగు నచ్చకపోతే మరల వేసుకోవచ్చు. నేల చెడితే ఇల్లు ఖాళీచేయవలసి వస్తుంది. కనుక దానిని ఎంచుకొనే విధానమూ పరిచే విధానమూ తెలుసుకోవడం అవసరం.

నాపరాయి కోట్ల సంవత్సరాల క్రితం సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న సున్నపురాయి. ఆ పొరల వెంబడే అది పలకలుగా చీలుతుంది. అందువల్లనే ఉలి, సుత్తి తప్ప మరేమీ లేని కాలంలో కూడా దానితో నేల పరచడం సాధ్యమయింది. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధానిగా వెలసిన విజయపురి, అంటే నేటి నాగార్జునకొండ, ఈ రాతి వైభవానికి నిదర్శనం. అక్కడి స్తూపాల శిల్పఫలకాలు, మంటపాల స్తంభాలు, స్నానఘట్టపు మెట్లు అన్నీ ఈ సున్నపురాతివే. అమరావతి శిల్పులు కూడా ఈ జాతి రాయినే వాడారు. నాగార్జునసాగర్ జలాశయం కింద ఆ లోయ మునిగిపోవలసి వచ్చినప్పుడు కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొండపైనా మాచర్లకు సమీపంలోని అనుపు వద్దా తిరిగి నిలిపారు. విప్పి తిరిగి కట్టగలగడం రాతికున్న ఒక సుగుణం. ఈ మాటను గుర్తుంచుకోవాలి; పింగాణీ పలకకు ఆ సుగుణం లేదు.

సామాన్యుల ఇళ్ళలో మొదట ఉన్నది అలికిన మట్టినేల. కలిగినవారు గానుగలో ఆడించిన సున్నంతో గచ్చు వేయించుకొనేవారు. మాచర్ల, గురజాల, దాచేపల్లి ప్రాంతాలలో గనులు దగ్గరగా ఉండటంచేత నాపరాళ్ళ పరుపు పేదకూ పెద్దకూ అందుబాటులో ఉండేది. తరువాత సిమెంటు గచ్చు, మొజాయిక్ వచ్చాయి. గడచిన పాతిక, ముప్పై సంవత్సరాలలో పింగాణీ పలక వీటన్నింటినీ వెనుకకు నెట్టింది. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడి నరసరావుపేట దానికి కేంద్రమయింది.

పింగాణీ పలక స్వభావం తెలియాలంటే రెండు కొలుముల తేడాను గ్రహించాలి. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు ఉన్నాయి. అక్కడ సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాలుస్తారు. ఆ వేడికి రాయిలోని బొగ్గుపులుసు వాయువు వెలికిపోయి, గట్టిరాయి కాస్తా నీళ్ళు తగిలితే పొడిగా విరిసే సున్నం అవుతుంది. పింగాణీ విషయంలో జరిగేది ఇందుకు సరిగ్గా విరుద్ధం. కేయోలిన్ అనే తెల్లని బంకమన్నును, ఫెల్‌స్పార్, స్ఫటికం అనే రాతిపొడులను మెత్తగా నూరి, కలిపి, గొప్ప ఒత్తిడితో పలకగా అదిమి, సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పుడు ఫెల్‌స్పార్ కరిగి గాజువలె మారి, మన్ను రేణువుల నడుమనున్న సందులన్నింటినీ పూడుస్తుంది. మెత్తని మన్ను రాతిని మించిన గట్టి పదార్థం అవుతుంది. ఒక కొలిమి రాతిని పొడి చేస్తే మరొకటి పొడిని రాయి చేస్తుందన్నమాట.

ఈ విద్య మొదట చైనీయులది. కేయోలిన్ అనే పేరే చైనాలోని గావోలింగ్ అనే ఊరి పేరు నుండి వచ్చింది. ఐరోపావారు దాని రహస్యాన్ని శతాబ్దాలపాటు వెదకి, చివరకు 18వ శతాబ్దం తొలి సంవత్సరాలలో జర్మనీలోని మైసెన్‌లో సాధించారు. నాడు రాజులు బంగారంతో సమానంగా దాచుకొన్న పదార్థం నేడు గుజరాత్‌లోని మోర్బీ పట్టణంలో వందల కర్మాగారాలలో తయారై, లారీలమీద పల్నాటి పల్లెలకు చేరుతున్నది.

దుకాణంలో వరుసగా నిలబెట్టిన పలకలను చూసినప్పుడు కన్ను మొదట మెరుపు మీదికే పోతుంది. నిజానికి చివరకు చూడవలసినది మెరుపు. మొదట విచారించవలసినది ఆ పలక ఎంత నీటిని పీలుస్తుందనే విషయం. పలక బరువులో నూటికి అర వంతుకు, అంటే 0.5 శాతానికి మించి నీటిని పీల్చనిదే నిజమైన పింగాణీ పలక. గోడలకు వేసే సాధారణ సిరామిక్ పలకలు నూటికి పది వంతులకు పైగా కూడా పీలుస్తాయి. వాటిని చవకగా వస్తున్నాయని నేలకు వేస్తే కొద్దికాలంలోనే అంచులు చిట్లి, పైపూత అరిగి, లోపలి మన్ను బయటపడుతుంది. ఈ తేడాను కనిపెట్టడానికి పరీక్షాలయం అక్కరలేదు. పలకను బోర్లించి, వెనుకవైపు ఒక నీటిచుక్క వేసి కాసేపు చూస్తే చాలు. చుక్క వెంటనే ఇంకిపోతే అది నేలకు తగినది కాదు. చుక్క చుక్కగానే నిలిస్తే నమ్మవచ్చు. పెట్టెమీద భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 15622 అనే సంఖ్య ఉన్నదో లేదో కూడా చూడాలి.

తరువాత రెండు పలకలను ముఖాముఖిగా ఆనించి చూడాలి. నడుమ సందు కనిపించినా, ఒక పలక మీద మరొకటి ఊగినా, కొలిమిలో అవి వంకర తిరిగాయని అర్థం. వంకర పలకను ఎంతటి నేర్పరి అయిన మేస్త్రి పరచినా అంచు పాదానికి తగులుతూనే ఉంటుంది. ఆపై ఒకే రకానికి చెందిన పెట్టెలన్నింటి మీదా ఒకే తయారీ సంఖ్య ఉన్నదో లేదో సరిచూడాలి. ఒక్కో కాల్పుకు రంగు ఛాయ కొద్దిగా మారుతుంది. దుకాణపు దీపాల వెలుగులో కనిపించని ఆ భేదం ఇంటి కిటికీ వెలుతురులో నేలను రెండుగా చీల్చి చూపుతుంది.

ఇక మెరుపు సంగతి. పైపూత లేకుండా అరగదీసి నునుపు చేసిన పలకలు ఒక జాతి. రెండు పొరల రంగుపొడిని ఒకేసారి అదిమి చేసే డబుల్‌చార్జ్ పలకలు ఈ కోవలోనివే. వీటి రంగు కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు ఉంటుంది కనుక జనసమ్మర్దం గల దుకాణాలకు, బడులకు అనుకూలం. అయితే అరగదీసినప్పుడు కంటికి కనిపించని సన్నని రంధ్రాలు తెరుచుకొంటాయి. పసుపు, తేనీరు వాటిలో ఇంకితే మరక పోవడం కష్టం. పైన గాజుపూత పూసి, దానిమీద రాతి గీతలో కలప చారలో ముద్రించిన పలకలు మరొక జాతి. వీటికి మరక అంటదు, కానీ పూత అరిగితే బొమ్మ కూడా అరుగుతుంది. వంటయింటికి నిగారింపు లేని గాజుపూత పలక మేలు. పింగాణీ పలకను చింతపండు పులుసుగాని నిమ్మరసంగాని ఏమీ చేయలేవు. నాపరాయి మీద అవే పడితే సున్నపు పదార్థం కరిగి మచ్చ కడుతుంది. ఈ ఒక్క విషయంలో రాతికంటె పింగాణీదే పైచేయి అని ఒప్పుకోక తప్పదు.

మెరుపును గురించి మన సాహిత్యంలో ఒక గొప్ప హెచ్చరిక ఉన్నది. నన్నయ భట్టారకుని సభాపర్వంలో మయసభకు వచ్చిన దుర్యోధనుడు నీరున్న చోట నేల అనుకొని, నేల ఉన్న చోట నీరనుకొని భంగపడతాడు. అద్దంవంటి నేల మీద నీళ్ళు ఒలికినా కనిపించవు. వయసు మళ్ళినవారు అడుగు వేసి జారితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ గాయంతో మంచంపట్టి తిరిగి లేవనివారు ఎందరో ఉన్నారు. కనుక స్నానాల గదికి, వసారాకు, మెట్లకు, వాన జల్లు పడే ముంగిలికి గరుకు పలకలనే వేయాలి. జారుడును కొలిచి పలకలకు ఆర్ 9 నుండి ఆర్ 13 వరకు తరగతులు నిర్ణయించారు. సంఖ్య పెరిగినకొద్దీ పట్టు పెరుగుతుంది. దుకాణదారుకు ఆ సంఖ్య తెలియకపోతే, పలక మీద నీళ్ళు చల్లి తడిపాదంతో తొక్కి చూడటమే ఉపాయం. నలుగురు చూస్తున్నారని మొహమాటపడవలసిన పని లేదు.

ఎన్ని పలకలు కొనాలి అనే లెక్కలో చాలామంది పొరపడతారు. పదిహేను అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు గల గదిని ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని వైశాల్యం 180 చదరపు అడుగులు. రెండడుగుల పలక నాలుగు చదరపు అడుగులు కనుక 45 పలకలు చాలునని నోటిలెక్క చెబుతుంది. కానీ వాడుకలో రెండడుగులదని పిలిచే పలక నిజంగా 600 మిల్లీమీటర్లు మాత్రమే. రెండడుగులంటే దాదాపు 610 మిల్లీమీటర్లు. ఆ సవరణతో 47 పలకలు కావాలి. అంతటితోనూ లెక్క పూర్తికాదు. గోడవెంబడి వదలవలసిన సందులు, పలకల మధ్య సందులు తీసివేసి, వెడల్పున ఆరు పలకలు వరుసగా పరిస్తే ఒక గోడవద్ద అంగుళం పైచిలుకు పీలిక మిగులుతుంది. అంత సన్నని ముక్కను కోస్తే విరుగుతుంది; విరగకున్నా చూపుకు వెలితిగా ఉంటుంది. అనుభవజ్ఞుడైన మేస్త్రి ఐదు నిండు పలకలను నడుమ పరచి, రెండు గోడలవద్దా అడుగు పైచిలుకు ముక్కలు సమానంగా వచ్చేటట్లు సర్దుతాడు. అప్పుడు వెడల్పున ఏడు, పొడవున ఎనిమిది, వెరసి 56 పలకలు అవసరమవుతాయి. పగుళ్ళకు, భవిష్యత్తులో మరమ్మతుకు మరి నాలుగు కలిపితే 60, అంటే నాలుగేసి పలకలుండే పెట్టెలు పదిహేను. 45 ఎక్కడ, 60 ఎక్కడ! ముందుగా గదిని కాగితం మీద గీసుకొని గడులు లెక్కించనివారు సగం పనిలో దుకాణానికి పరుగెత్తుతారు. అప్పటికి ఆ తయారీ సంఖ్య గల సరుకు అమ్ముడుపోయి ఉంటుంది.

పలక ఎంత మేలైనదైనా దాని ఆయువు కంటికి కనిపించని చోట ఉన్నది. పల్నాటిలో చాలా గ్రామాలు నల్లరేగడి నేలల మీద ఉన్నాయి. ఈ మన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకొని చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పత్తికి ప్రాణమైన ఆ గుణమే ఇంటి నేలకు శత్రువు. పునాది తవ్వగా వచ్చిన నల్లమన్నునే ఖర్చు కలిసివస్తుందని బేస్‌మెంటులో తిరిగి పోసేవారు కొందరు ఉన్నారు. మొదటి వానాకాలంలో గోడల వెంట తేమ దిగగానే ఆ మన్ను ఉబ్బి గది నడుమ నేలను పైకెత్తుతుంది, వేసవిలో కుంగుతుంది. అప్పుడు పలకలు పగిలితే నేరం మోర్బీది కాదు. నల్లమన్నును పూర్తిగా తీసివేసి, ఇసుకగాని ఎర్రగ్రావెల్‌గాని అర అడుగు మందాన పోస్తూ, ప్రతి పొరకూ నీళ్ళు పట్టి దిమ్మిస వేయాలి. దానిమీద నాలుగు అంగుళాల కంకర కాంక్రీటు పరచి, వారం రోజులకు తగ్గకుండా తడుపుతూ ఉండాలి. గృహప్రవేశపు ముహూర్తం దగ్గరపడిందనే తొందరలో ఎక్కువగా బలి అయ్యేది ఈ వారమే.

నాపరాళ్ళు పరిచే పద్ధతికీ, పింగాణీ పలకలు పరిచే పద్ధతికీ ఉన్న భేదాన్ని ఇప్పుడు చెప్పుకోవాలి. ఎందుకంటే మేస్త్రీలలో చాలామంది మొదట రాతిపని నేర్చినవారే. ఇసుక, సిమెంటు కలిపిన మాలును పరచి, పైన సిమెంటు పాలు పోసి, బండను దించి, సుత్తితో తట్టి మట్టం చేస్తారు. బండ వెనుకభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది, బరువైనది. కనుక మాలు దానిని చక్కగా పట్టుకొంటుంది. పింగాణీ పలక వెనుకభాగం నున్నగా ఉండి నీటిని పీల్చదు. సిమెంటు పాలు దానిలోనికి వేళ్ళూనలేవు. పైకి అతికినట్లే ఉంటుంది. రెండు మూడు వేసవులు గడిచాక వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. గోడ పలకలను నీటిలో నానబెట్టిన అలవాటుతో వీటిని కూడా నానబెట్టేవారున్నారు. నీటిని పీల్చని దానిని నానబెట్టి ప్రయోజనం లేదు. పైగా వెనుక తడి నిలిచి అతుకు మరింత బలహీనపడుతుంది.

అందువల్ల పింగాణీ పలకలకు ప్రత్యేకమైన జిగురుమాలు వాడాలి. ఇది సిమెంటుకు జిగురు పదార్థాలను కలిపి తయారుచేసిన పొడి. ఐ.ఎస్. 15477 దీనికి వర్తించే ప్రమాణం. సంచి మీద రాసిన కొలత ప్రకారమే నీరు కలపాలి. కలిపిన తరువాత గట్టిపడటం మొదలైతే మరల నీళ్ళు పోసి మెత్తబరచకూడదు. వేసవి పగటివేళ అది త్వరగా బిగుస్తుంది కనుక కొద్ది కొద్దిగా కలుపుకొని ఉదయం, సాయంకాలాలలో పని చేయడం మంచిది. మొదట పలక వెనుకనున్న తెల్లని పొడిని తడిగుడ్డతో తుడిచివేయాలి. కొలిమిలో అంటుకొన్న ఆ పొడి జిగురుకు, పలకకు మధ్య తెరగా నిలుస్తుంది. పళ్ళున్న తాపీతో జిగురును ఒకే దిశలో గీతలుగా లాగి, పలకను ఆనించి, గీతలకు అడ్డంగా కొద్దిగా జరుపుతూ అదమాలి. అప్పుడు గీతల నడుమనున్న గాలి బయటికి పోతుంది. పెద్ద పలకలైతే వెనుకవైపు కూడా పలుచగా జిగురు పూయాలి. అప్పుడప్పుడు ఒక పలకను వెంటనే పైకెత్తి వెనుక అంతటా జిగురు అంటినదో లేదో చూడటం మేస్త్రిని అవమానించడం కాదు. మంచి మేస్త్రి తానే ఎత్తి చూపిస్తాడు. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి పలకను అద్దే పద్ధతిని మాత్రం ఒప్పుకోకూడదు. నడుమ ఖాళీ మీద మంచం కోడు ఆనిన రోజున ఆ పలక పగులుతుంది.

పలకల మధ్య సందు లేకుండా పరచమని కోరే గృహస్థులు ఎక్కువ. సందు లేని నేల గొప్పగా కనిపిస్తుందని వారి భావన. పల్నాడులో ఈ కోరిక ప్రమాదకరం. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో ఒకటిగా రెంటచింతల పేరు వేసవి వార్తలలో ఏటా వినిపిస్తూనే ఉంటుంది. వేడికి పలక కూడా వ్యాకోచిస్తుంది. ఇరవై అడుగుల హాలులో చలికాలపు ఉదయానికీ మండువేసవికీ నేల వేడిలో ఇరవై డిగ్రీల తేడా ఉన్నదనుకొంటే, పలకల వరుస మొత్తం మీద పెరిగే పొడవు ఒక మిల్లీమీటరుకు కొంచెం తక్కువ. అదెంత అని తీసివేయరాదు. మరొకవంక కింది కాంక్రీటు, మాలు ఆరుతూ ఏళ్ళ తరబడి కుంచించుకొంటాయి. పైది పెరిగి, కిందిది తగ్గి, ఇరువైపులా గోడలు అడ్డుకొంటే, పలకలు పోవడానికి పైకి తప్ప దారి లేదు. నడివేసవిలో పెద్ద చప్పుడుతో వరుస మొత్తం గుడారంలా లేచిన సంఘటనలకు కారణం భూకంపమో గాలి సోకడమో కాదు, లేని ఆ సందులే. పలకకు పలకకు మధ్య రెండు మిల్లీమీటర్లకు తగ్గకుండా, గోడల వెంట ఐదారు మిల్లీమీటర్లు సందు విడవాలి. గోడ వెంటనున్న సందును సిమెంటుతో పూడ్చరాదు. దానిమీద అంచుపలక వస్తుంది కనుక కంటికి కనిపించదు.

పరచడం ప్రారంభించేముందు గది మూలలు సమకోణంలో ఉన్నాయో లేదో చూడాలి. ఒక గోడవెంట మూడడుగులు, రెండవ గోడవెంట నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దారం పట్టితే సరిగ్గా ఐదడుగులు రావాలి. శుల్బసూత్రాల కాలం నుండి మనవారెరిగిన ఈ కొలతనే తాపీమేస్త్రులు నేటికీ వాడుతున్నారు. పలకలను ముందు జిగురు లేకుండా పరచి చూసుకొని, కోత ముక్కలు గుమ్మానికి ఎదురుగా రాకుండా సవరించుకోవాలి. మట్టాన్ని రసమట్టంతో ప్రతి వరుసకూ సరిచూడాలి. గదులలో మట్టం, స్నానాల గదిలో వాలు అవసరం. నీరు పోయే తూము వైపు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున వాలు ఇస్తే నీరు నిలవదు. ఈ వాలును పలకలతో కాక, కింది పరుపులోనే తేవాలి. పలకలు వేసిన ఒక రోజు వరకు ఎవరినీ తొక్కనివ్వరాదు. ఆ తరువాతనే సందులను గ్రౌటుతో నింపి, అది ఆరేలోగా తడిగుడ్డతో తుడవాలి. యాసిడ్‌తో కడిగితే శుభ్రపడుతుందని చాలామంది నమ్మకం. యాసిడ్ పింగాణీ పలకను ఏమీ చేయదు గాని, సందులలోని సిమెంటు గ్రౌటును తినివేస్తుంది.

ఈ పనిలో గృహస్థుకు కనిపించని మరొక సంగతి ఉన్నది. పలకను పొడిగా యంత్రంతో కోసినప్పుడు లేచే తెల్లని ధూళిలో స్ఫటికపు రేణువులు ఉంటాయి. అవి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తాయి. దానిని పూర్తిగా నయంచేసే మందు లేదు. తుండుగుడ్డ ముఖానికి చుట్టుకొని రోజంతా గదిలో పలకలు కోసే కూలీకి ఆ గుడ్డ రక్షణ ఇవ్వదు. కోత ఆరుబయట జరగాలి, కోసేచోట నీటిధార పడుతూ ఉండాలి, సన్నధూళిని ఆపగల ముఖకవచం ఇవ్వాలి. పదిహేను పెట్టెల పలకలు కొనగలిగిన ఇంటికి ఆ ఖర్చు లెక్కలోనిది కాదు. నీళ్ళతో కోస్తే పని ఆలస్యమవుతుందని పురమాయింపుదారు సణిగినా ఇంటివారు పట్టుబట్టాలి.

ఉన్న నాపరాళ్ళ నేలను ఏమి చేయాలి అనే ప్రశ్న పాత ఇళ్ళలో తరచుగా తలెత్తుతుంది. బండల మీదనే మాలు పోసి పలకలు పరచడం సులభమని చెప్పేవారు ఉన్నారు. అప్పుడు నేల అంగుళానికి పైగా లేస్తుంది. తలుపులు కింద కోయవలసి వస్తుంది. ఏటేటా పసుపు పూసి, బొట్లు పెట్టి, ముగ్గు తీర్చిన గడప నేలలో కూరుకుపోతుంది. ఆ నేల కదలకుండా గట్టిగా ఉన్నప్పుడు, ఎత్తు కలిసివచ్చినప్పుడు మాత్రమే ఆ పద్ధతి తగినది. కదిలే బండల మీద వేసిన పలక ఎంతోకాలం నిలవదు. అసలు మార్చవలసిన అవసరం ఉన్నదా అని ఆలోచించేవారు కూడా ఉండాలి. రాయి చల్లగా ఉంటుందనే వాదంలో కొంత అతిశయోక్తి ఉన్నది. నేలను ఆనుకొన్న గదిలో పింగాణీ పలక కూడా చల్లగానే ఉంటుంది. కానీ అరిగిన బండను పెకలించి, తిరగవేసి, కొత్తగా పరుచుకోవచ్చు. పింగాణీ పలకను పగలగొట్టకుండా ఊడదీయడం దాదాపు అసాధ్యం. ఊడిన ముక్కలు ఊరిబయట చెత్తకుప్పకు చేరుతాయి. వసారాలోనూ పెరటిలోనూ రాయిని ఉంచి, వంటయింట, పడకగదులలో పలకలు వేయించుకొన్న ఇళ్ళు పల్నాటిలో అక్కడక్కడ కనిపిస్తాయి. ఖర్చులోనూ సౌకర్యంలోనూ ఆ ఏర్పాటు తెలివైనది.

పెకలించిన బండలను మేస్త్రి కూలి కింద తోలుకుపోనివ్వకుండా ఒక పక్కన పేర్చుకోవాలి. బోరింగు చుట్టూ, పశువుల కొట్టంలో, తులసికోట ముందు అవి మరొక తరానికి పనికివస్తాయి. మిగిలిన నాలుగు పింగాణీ పలకలను పెట్టెతో సహా, తయారీ సంఖ్య చెరిగిపోకుండా, అటక మీద భద్రపరచాలి.